పాత బండి ఇచ్చి కొత్త కారు: తేడా ఎంత?

రెండు కొటేషన్లు పక్కపక్కన పెట్టుకుందాం. కొనే కారు రెండింటిలోనూ ఒకటే. నాలుగు మీటర్ల లోపు పొడవున్న పెట్రోలు బండి, ఎక్స్‌షోరూమ్ ధర రూ.9,50,000. ఇచ్చే పాత బండి కూడా ఒకటే. 2017 మోడల్ హ్యాచ్‌బ్యాక్, ఫస్ట్ ఓనర్, రీడింగ్ 78,000 కిలోమీటర్లు. అంకెలు లెక్క తేలడానికి నేను వేసుకున్నవి. కాగితం తీరు మాత్రం కర్నూలులోనో కడపలోనో ఎక్స్‌ఛేంజ్‌కి వెళ్లినవాళ్లకు బాగా తెలిసిందే.

మొదటి షోరూమ్ పాత బండికి రూ.3,10,000 కట్టింది. పైన ఎక్స్‌ఛేంజ్ బోనస్ రూ.30,000. కొత్త బండికి లైఫ్ ట్యాక్స్ రూ.1,33,000, ఇన్సూరెన్స్ రూ.48,000, యాక్సెసరీల ప్యాకేజీ రూ.25,000, హ్యాండ్లింగ్ చార్జీలు రూ.8,000. రెండో షోరూమ్ పాత బండికి రూ.2,75,000 దగ్గర మొండికేసింది. లైఫ్ ట్యాక్స్ అదే, ఎక్స్‌ఛేంజ్ బోనస్ అంతే, రూ.30,000. కొత్త బండి మీద క్యాష్ డిస్కౌంట్ రూ.25,000 ఇచ్చింది, ఇన్సూరెన్స్ బయట చేయించుకుంటే అభ్యంతరం లేదంది. అది రూ.36,000కు వచ్చింది. హ్యాండ్లింగ్ లేదు, యాక్సెసరీలు లేవు.

ఇంట్లో ఎవరినడిగినా మొదటిదే మేలంటారు. పాత బండికి 35 వేలు ఎక్కువ ఇస్తున్నాడు మరి. ఇప్పుడు కూడండి. మొదటి చోట కొత్త బండి ఖర్చు మొత్తం రూ.11,64,000. అందులోంచి 3,40,000 తీసేస్తే చేతి నుంచి పడేది రూ.8,24,000. రెండో చోట మొత్తం రూ.11,19,000, అందులోంచి 3,30,000 పోగా రూ.7,89,000. పాత బండికి 35 వేలు తక్కువ కట్టినవాడి దగ్గరే మనకు 35 వేలు మిగిలింది.

షోరూమ్‌లో అడుగుపెట్టగానే మన నోట వచ్చే మొదటి ప్రశ్న "మా బండికి ఎంతిస్తారు?" సేల్స్ వాళ్లకు ఇంతకంటే ఇష్టమైన ప్రశ్న ఉండదు. దానికి వాళ్లు ఎంత పెద్ద అంకె అయినా చెప్పగలరు, ఎందుకంటే దాన్ని రాబట్టుకోడానికి కాగితం మీద ఇంకో ఆరేడు గడులున్నాయి. అడగాల్సింది తేడా. పాత బండి తాళాలు, ఆర్సీ ఇచ్చేసి, అన్నీ కలుపుకొని నేను ఇంకెంత కట్టి కొత్త బండి బయటికి తీసుకుపోవాలి? ఆ ఒక్క అంకెను రెండు మూడు చోట్ల రాయించుకుంటే మిగతా గడుల్లో వాళ్లు ఏది ఎటు జరుపుకున్నా మనకు పని లేదు.

ఈ తేడాను మాటల్లో కరిగించే ఉపాయం ఒకటుంది, దాని పేరు ఈఎంఐ. పై లెక్కలో 35 వేల తేడాను లోన్‌లో కలిపేసి ఏడేళ్లకు 9.5 శాతం వడ్డీ వేస్తే నెలకు రూ.572 పడుతుంది. "నెలకు ఐదొందలే కదన్నా, దానికి పోయి ఇంత ఆలోచన చేస్తారా" అంటాడు ఆ పిల్లోడు, నవ్వుతూనే. 84 నెలలకు అది రూ.48,000.

తువ్వాలు కింద వేళ్లు

పశువుల సంతల్లో దళారులు తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడేవాళ్లు. చుట్టూ ఉన్నవాళ్లకు ధర తెలియదు గానీ, చేయి కలిపిన ఇద్దరికీ తెలుసు. ఎక్స్‌ఛేంజ్ కౌంటర్లో తువ్వాలు కింద మన చెయ్యి లేదు, అదే ఇక్కడి ఇబ్బంది. ఒక చివర షోరూమ్, ఇంకో చివర పాత బండ్ల బ్రోకర్. మనకు చెప్పేది ఆ ఇద్దరి మధ్య తేలిన అంకెలోంచి కొంత కోసి మిగిలింది.

ఎక్స్‌ఛేంజ్ బోనస్ మామూలుగా కార్ల కంపెనీ ఇచ్చేది. ఏ మోడల్‌కి ఆ నెల ఎంత అన్నది కంపెనీ నిర్ణయం. డీలర్ ఇచ్చేది పాత బండి ధర. కంపెనీ 30 వేలు ఇస్తుంటే డీలర్ పాత బండి ధరలో అంతే కోసి, బోనస్‌తో కలిపి చూపిస్తే మనకు పండగ ఆఫర్‌లా కనిపిస్తుంది. ఇది పట్టుకోవడం కష్టం కాదు. బోనస్ సంగతి ఎత్తకుండా ముందు పాత బండి ఒక్కదానికే ధర అడగండి. అదే బండిని కొత్త కార్లతో సంబంధం లేని ఇద్దరు ముగ్గురు సెకండ్ హ్యాండ్ వ్యాపారులకు చూపించండి. వాళ్లు చెప్పిన దానికీ షోరూమ్ బోనస్ కలిపి చెప్పిన దానికీ పెద్దగా వ్యత్యాసం లేదంటే, బోనస్ మన జేబుకు రాలేదన్నమాట.

అమెరికా ఆర్థికవేత్త జార్జ్ ఎకర్లాఫ్ 1970లో పాత కార్ల బజారు మీద ఒక వ్యాసం రాశారు. 2001లో ఆయన పంచుకున్న నోబెల్‌కు అదే పునాది. బండిలో లోపమేమిటో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు, అందుకే మంచి బండికి కూడా సరైన ధర రాదు అన్నది అందులోని వాదన. షోరూమ్ ఎక్స్‌ఛేంజ్‌లో ఇది తిరగబడింది. కొనేవాడి దగ్గర మీటరు, స్కానరు, బ్రోకర్ల వాట్సాప్ గ్రూపు ఉన్నాయి. అమ్మేవాడికి తెలిసింది తన బండి తనను ఏనాడూ దారిలో దించెయ్యలేదని మాత్రమే.

మూడొందల పది మైక్రాన్లు

మా బంధువుల బండి ఒకటి ఎక్స్‌ఛేంజ్‌కి పెట్టినప్పుడు పక్కనే నిలబడి చూశాను. షోరూమ్ పేరు, ఊరు పక్కన పెడదాం. ఎవాల్యుయేటర్ కుర్రాడు అగ్గిపెట్టంత మీటరు తీసి బానెట్ మీద ఆనించాడు. 130. రూఫ్ మీద 120. ముందు డోర్లు 140. వెనక ఎడమ డోర్ మీద పెట్టగానే 310. పెయింట్ పొర మందాన్ని మైక్రాన్లలో చూపించే మీటరు అది. ఫ్యాక్టరీ పెయింట్ సాధారణంగా వందా నూటయాభై అటూ ఇటూ ఉంటుంది. మూడొందలు చూపించిందంటే రెండోసారి రంగు పడినట్టు.

"ఇది రీపెయింట్ అయినాదన్నా."

"అవును, మావోడు గేటుకు రాసినాడు. గీత పడిండె, అంతే."

"సిస్టమ్‌లో యాక్సిడెంటల్ కిందికే పోతాది. పది వేలు తగ్గుతాది."

డెంటింగ్, పెయింటింగ్ షెడ్డులో ఒక డోర్‌కి రంగు వేయించడానికి అయ్యేది అందులో సగం కూడా ఉండదు. పైగా ఆ డోర్‌కి రంగు అప్పటికే పడింది, కొత్తగా చేయాల్సిందేమీ లేదు. తర్వాత టైర్ల దగ్గర కూర్చున్నాడు. టైరు పక్కన నాలుగంకెల గుర్తు ఉంటుంది. 3219 అంటే 2019లో 32వ వారం తయారైందని. బిళ్ల అరగకపోయినా పాతవని నాలుగు టైర్లకూ కోత. రెండో తాళం చెవి కనిపించడం లేదని ఇంకో కోత. చివరికి ఫోన్‌లో ఫోటోలు తీసి ఎవరికో పంపాడు, అయిదు నిమిషాల్లో అంకె వచ్చింది. "కంపెనీ సిస్టమ్ రేటన్నా, యాడికి పోయినా ఇంతే, కావాలంటే పోయి అడగండి" అన్నాడు. సిస్టమ్‌కి ఆ ఫోటోలెందుకో నేను అడగలేదు.

ఆ కోతల పట్టికలో ఒక పక్షపాతం నన్ను ఇప్పటికీ గిల్లుతుంది. మన ఎండకు రంగు వెలుస్తుంది, రబ్బరు బుష్‌లు ఎండిపోతాయి, టైర్లకు చీలికలు పడతాయి. వాటన్నిటికీ కోత ఉంది. అదే పొడి గాలి వల్ల కర్నూలు, కడప బండ్ల కింది భాగం సముద్రపు గాలి తగిలిన నెల్లూరు, చెన్నై బండ్లలా తుప్పు పట్టదు. బండిని లిఫ్ట్ మీదికెత్తి కింద శుభ్రంగా ఉందని చూసినవాడు కూడా దానికి వెయ్యి రూపాయలు కలిపిన దాఖలా లేదు. ఎండకు కోత ఉంది కాబట్టి పొడికి కూడిక ఉండాలని అడగడంలో తప్పు లేదు. కనీసం బండి కిందికి వంగి చూపించి అడిగితే కుర్రాడి గొంతు కొంచెం తగ్గుతుంది.

డీలర్‌కు ఎంత మిగులుతుంది?

కోపం పక్కన పెట్టి అవతలి లెక్క కూడా వేద్దాం. మన దగ్గర రూ.2,75,000కు తీసుకున్న బండిని పాలిష్ కొట్టి, చిన్న రిపేర్లకు 15 వేలు పెట్టి, రూ.3,60,000కు అమ్మాడనుకుందాం. మార్జిన్ 85 వేలు. పాత వాహనాల మీద జీఎస్టీ అమ్మకం ధర మొత్తానికి కాదు, ఈ మార్జిన్‌కే పడుతుంది. 2024 డిసెంబర్ 21న జైసల్మేర్‌లో జరిగిన 55వ జీఎస్టీ కౌన్సిల్ సమావేశం ఆ రేటును అన్ని పాత వాహనాలకూ 18 శాతం చేసింది. అప్పటిదాకా చిన్న కార్లకు 12 శాతమే. అంటే పన్ను రూ.15,300. రిపేరు ఖర్చు కూడా తీసేస్తే మిగిలేది రూ.54,700. అందులోంచి బండి అమ్ముడుపోయేదాకా పెట్టుబడి మీద వడ్డీ, ఆర్టీఏ ఖర్చులు, అమ్మినవాడి కమీషన్, మధ్యలో బ్రోకర్ ఉంటే అతని వాటా పోవాలి. బండి ముందుగా చెప్పినంత పలక్కపోతే నష్టం కూడా వాళ్లదే. కాబట్టి బయట 3,60,000 పలికే బండికి షోరూమ్ 2,75,000 ఇవ్వడం దోపిడీ అనను. 2,40,000 ఇస్తే అంటాను.

ఈ లెక్కతోనే ఇంకో మాట తేలిపోతుంది. "జీఎస్టీ 12 నుంచి 18కి పెంచినారన్నా, అందుకే ఇరవై వేలు తగ్గింది" అని ఎవరైనా అంటే, 85 వేల మీద ఆరు శాతం ఎంతో అక్కడే ఫోన్‌లో కొట్టి చూపించండి. రూ.5,100. ఆ నిర్ణయం వచ్చిన వారంలో ఇంకో పుకారు కూడా తిరిగింది. ఆరు లక్షల బండిని నాలుగు లక్షలకు అమ్ముకున్న సామాన్యుడు కూడా 18 శాతం కట్టాలని. అది అబద్ధం. ఈ పన్ను జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారికే, అది కూడా మార్జిన్ ఉంటేనే. సొంత కారు అమ్ముకునే టీచరుకో రైతుకో దీనితో సంబంధం లేదు.

ధర నిజంగానే పడిపోయిన సందర్భం ఇంకొకటి ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న పెట్రోలు కార్ల మీద పన్ను, సెస్సుతో కలిపి 29 శాతం ఉన్నది 18కి దిగింది. ఇప్పుడు 9,50,000 ఉన్న బండి పాత పన్నుతో అయితే దాదాపు రూ.10,38,500 ఉండేది. కొత్తదే 88 వేలు తగ్గితే, అదే మోడల్ పాతదానికి మునుపటి ధర ఎవరూ పెట్టరు. పన్ను తగ్గాక పాత బండికి అంతకుముందు చెప్పినంత చెప్పడం లేదని షోరూమ్‌తో గొడవపడితే ఆ గొడవలో న్యాయం వాళ్ల వైపే ఉంది. కొత్త బండిలో లాభం తీసుకున్నది మనమే.

కోపంతో ఇన్సూరెన్స్ కాగితం తెచ్చి బల్ల మీద పెట్టేవాళ్లూ ఉన్నారు. "ఐడీవీ మూడు లక్షల నలభై వేలుంది, మీరు రెండు డెబ్బై అయిదంటారా?" ఐడీవీ అంటే బండి పోతే బీమా కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం. మొదటి అయిదేళ్లకు దానికో తరుగుదల పట్టిక ఉంది. ఏడాది దాటితే 20 శాతం, రెండు దాటితే 30, మూడు దాటితే 40, నాలుగు దాటితే 50. అయిదేళ్లు దాటాక పాలసీదారు, కంపెనీ కలిసి ఒప్పుకున్న అంకె. బజారు ధరకు అది సాక్ష్యం కాదు.

పన్ను మాత్రం పూర్తి ధర మీదే

డాలస్‌లో ఉన్న మనవాళ్లెవరినైనా అడిగితే అక్కడి పద్ధతి చెప్తారు. టెక్సస్‌లో 30 వేల డాలర్ల కారు కొంటూ 10 వేల డాలర్ల పాత కారు ఇస్తే 6.25 శాతం అమ్మకపు పన్ను 20 వేల మీదే పడుతుంది. 625 డాలర్లు మిగులు. అందుకని అక్కడ పాత కారు డీలర్‌కే ఇవ్వడంలో నికరమైన లాభం ఉంది. కాలిఫోర్నియాలో ఆ వెసులుబాటు లేదు.

మన దగ్గర పద్ధతి కాలిఫోర్నియాకే దగ్గర. కేంద్ర జీఎస్టీ నిబంధనల్లో 27వ నిబంధన దీన్ని ఫోన్ ఉదాహరణతో చెప్తుంది. పాత ఫోన్ ఇచ్చి కొత్తదాన్ని 20 వేలకు కొన్నా, ఎక్స్‌ఛేంజ్ లేకుండా దాని ధర 24 వేలైతే పన్ను 24 వేల మీదే. కారుకూ ఇదే వర్తిస్తుంది. "ఎక్స్‌ఛేంజ్ చేస్తే ట్యాక్స్ కూడా కలిసొస్తాది సార్" అనే మాటకు ఆధారం లేదు. లైఫ్ ట్యాక్స్ కూడా అంతే, బండి ధర మీదే గానీ తేడా మీద కాదు. ఆంధ్రప్రదేశ్‌లో అది 5 లక్షల దాకా 13 శాతం, 5 నుంచి 10 లక్షల మధ్య 14, 10 నుంచి 20 మధ్య 17, ఆపైన 18.

ఈ 10 లక్షల గీత దగ్గర జాగ్రత్త. రూ.9,99,000 బండికి లైఫ్ ట్యాక్స్ రూ.1,39,860. "ఇంకో పదకొండు వేలు వేసుకుంటే పై వేరియంట్ వస్తాది" అని రూ.10,10,000 బండికి ఎక్కిస్తే లైఫ్ ట్యాక్స్ రూ.1,71,700 అవుతుంది. దానికి తోడు బండి ధర మీద ఒక శాతం టీసీఎస్, రూ.10,100. పదకొండు వేల ముచ్చట యాభై మూడు వేలకు తేలింది. టీసీఎస్ అనేది ఆదాయపు పన్ను ఖాతాలో ముందుగా జమ పడే సొమ్ము, రిటర్న్ వేస్తే సర్దుబాటవుతుంది లేదా వెనక్కి వస్తుంది. మన వైపు వ్యవసాయ ఆదాయం మీద బతికే కుటుంబాలు చాలావరకు రిటర్న్ వెయ్యవు. ఆ పది వేలు అక్కడే ఉండిపోతాయి. సేల్స్ టేబుల్ దగ్గర ఈ మాట ఎవరూ చెప్పరు.

ఇన్సూరెన్స్ గడి

మొదటి కొటేషన్లో 48 వేలు, రెండో దాంట్లో 36 వేలు ఉన్నది ఈ గడిలోనే. కొత్త కారుకు మూడేళ్ల థర్డ్ పార్టీ తప్పనిసరి. దాని ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించింది. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం వెయ్యి సీసీ దాకా రూ.6,521, వెయ్యి నుంచి పదిహేనొందల సీసీ మధ్య రూ.10,640, పైన జీఎస్టీ. ఎక్కడ కొన్నా ఇందులో రూపాయి మారదు. మారేదల్లా ఓన్ డ్యామేజ్ ప్రీమియం, జీరో డెప్ లాంటి అదనపు కవర్లు. ఫలానా కంపెనీ పాలసీ తమ దగ్గరే తీసుకోవాలని డీలర్ బలవంతం చెయ్యడానికి వీల్లేదు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2017లోనే డీలర్లకు మార్గదర్శకాలిచ్చింది. "బయట చేయించుకుంటే డిస్కౌంట్ రాదు" అంటే, ఆ డిస్కౌంట్ ఎక్కడినుంచి వస్తోందో వాళ్లే చెప్పినట్టు.

అసలు పోగొట్టుకునేది నో క్లెయిమ్ బోనస్. అది బండిది కాదు, యజమానిది. వరసగా అయిదేళ్లు క్లెయిమ్ లేకుంటే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతం తగ్గుతుంది. కొత్త కారుకు ఆ ప్రీమియం 18 వేలైతే 9 వేలు, జీఎస్టీతో కలిపి రూ.10,620. పాత బండి అమ్మిన కాగితం చూపించి పాత బీమా కంపెనీ దగ్గర ఎన్‌సీబీ సర్టిఫికెట్ తీసుకుంటే మూడేళ్ల దాకా చెల్లుతుంది. ఎక్స్‌ఛేంజ్ హడావుడిలో పాత పాలసీ కాగితం బండితో పాటే డ్యాష్‌బోర్డులో వెళ్లిపోతుంది, ఆ పది వేలు కూడా దాంతోనే.

డెలివరీ రోజు

బుకింగ్ నాడు అన్న ధరను డెలివరీ నాడు తగ్గించడం. ఎక్స్‌ఛేంజ్ గొడవల్లో నేను ఎక్కువగా విన్నది ఇదే. బుకింగ్ ఫారం అడుగున చిన్న అక్షరాల్లో ఒక షరతు ఉంటుంది, పాత బండిని డెలివరీ సమయంలో మళ్లీ పరీక్షించి తుది ధర నిర్ణయిస్తామని. కొత్త బండి రావడానికి నెలా నెలన్నర పడుతుంది. ఆలోగా లోన్ మంజూరై ఉంటుంది, ముహూర్తం పెట్టుకుని ఉంటారు, ఇంటిల్లిపాదీ పూలదండ తీసుకుని షోరూమ్‌కి వచ్చి ఉంటారు. అప్పుడు మళ్లీ మీటరు బయటికి తీసి "క్లచ్ వీక్‌గా ఉందన్నా, ఇరవై వేలు తగ్గుతాది" అంటే వెనక్కి తిరిగి పోయేవాళ్లెందరు? పెద్దాయన ముఖం చూసి సంతకం పెట్టేస్తారు.

దీనికి మందు బుకింగ్ రోజే ఉంది. ఫారం మీద పాత బండి ధరతో పాటు మూడు మాటలు చేత్తో రాయించి, స్టాంపు వేయించుకోవాలి. ఆ రోజు రీడింగ్ ఎంత, ఇంకెన్ని కిలోమీటర్లు తిరిగితే ఫర్వాలేదు, కొత్త యాక్సిడెంట్ లేకుంటే ధర ఏ తేదీదాకా మారదు. రాయం అంటే, ఆ ధర నిలబడదని వాళ్లే ఒప్పుకుంటున్నారు. అప్పుడు పాత బండిని బయట అమ్ముకుని కొత్తదానికి క్యాష్ డిస్కౌంట్ అడగడమే మేలు.

రోజులు కూడా కలిసిరావాలి. దసరా, ధనత్రయోదశి ముందు షోరూమ్‌లో మన మాట వినడానికే ఎవరికీ తీరిక ఉండదు. ఆషాఢంలో వెళ్తే కుర్చీ వేసి కూర్చోబెడతారు. మంచి రోజులు కావని జనం కొనరు, షోరూమ్‌కి నెలవారీ టార్గెట్ మాత్రం ఆగదు. బుక్ చేసి డెలివరీ శ్రావణంలో పెట్టుకుంటే పెద్దవాళ్లూ కాదనరు. డిసెంబర్ ఆఫర్లలో బండి ఏ నెలలో తయారైందో ఫారం 21 (సేల్ సర్టిఫికెట్)లో చూసుకోవాలి. మళ్లీ అమ్మే రోజున అడిగేది ఆ ఏడాదే.

బండి పోయింది, పేరు పోలేదు

ధరలో పది ఇరవై వేలు పోతే బాధపడి మర్చిపోతాం. కాగితాల్లో పొరపాటు జరిగితే అలా మర్చిపోయే వీలుండదు. ఏపీ 21, ఏపీ 04 నంబరు పలకలతో ఇప్పటికీ తిరుగుతున్న బండ్లు చాలావరకు రెండు మూడు చేతులు మారినవే (2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది). షోరూమ్ నుంచి బ్రోకర్‌కు, బ్రోకర్ నుంచి తుంగభద్ర అవతల గద్వాలకో, రాయచూరుకో, లేదంటే ఇవతలి బళ్లారికో. ఆర్సీలో మాత్రం మొదటివాడి పేరే. ఫారం 29, 30 మీద మన చేత ఖాళీగా సంతకాలు పెట్టించుకుని, కొనేవాడు దొరికాక పేరు నింపుకుందామని అట్టిపెట్టుకుంటారు.

కడప వైపు ఈ అలవాటుకు ఇంకో ముప్పు ఉంది. లంకమల, పాలకొండల అడవుల్లో ఎర్రచందనం తోలడానికి దొంగలు వాడేది ఎక్కువగా ఇలాంటి చేతులు మారిన బండ్లే. దుంగలతో సహా బండి పట్టుబడితే పోలీసులు, అటవీ శాఖ వాళ్లు మొదట వెతికేది ఆర్సీలో ఉన్న చిరునామానే. యాక్సిడెంట్ జరిగినా అంతే. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. బండి వరసగా కొన్ని చేతులు మారి ఉన్నా, రికార్డులో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో యజమాని అతనే, పరిహారం బాధ్యతా అతనిదే. ఆ కేసులో బండి 2007లోనే అమ్ముడుపోయింది, ప్రమాదం జరిగింది 2009లో.

మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో అమ్మినవాడు రవాణా శాఖకు తెలపాలి. షోరూమ్‌కు ఇచ్చినప్పుడు ఇంకా మంచి దారి ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల డీలర్లు రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవచ్చు. అలాంటి డీలర్‌కు బండి అప్పగించి ఫారం 29సీ పోర్టల్లో నమోదు చేస్తే, ఆ క్షణం నుంచి అతనే యజమాని కింద లెక్క. తాళాలు ఇచ్చే ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "మీకు ఆథరైజేషన్ ఉందా, 29సీ ఇప్పుడే వేస్తారా?" లేదంటే పేరు మారే దాకా పాత బండి విలువలో కొంత సొమ్ము చివరి చెల్లింపులోంచి ఆపుకుంటానని రాయించుకోండి. షోరూమ్ వాళ్లు మన దగ్గర అడ్వాన్స్ పట్టుకుని కూర్చోగా లేనిది, మనం పట్టుకుంటే తప్పేముంది?

పాత లోన్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకుని హైపోథికేషన్ తీయించాలి. ఫాస్టాగ్ మాత్రం బండి ఇచ్చిన రోజే మూసెయ్యండి. లేదంటే ఎవరో అమకతాడు, పుల్లూరు టోల్‌గేట్లు దాటిన ప్రతిసారీ మీ ఫోన్ మోగుతుంది.

ఇవన్నీ చేశాక కూడా చెప్పిన ధర ఇవ్వకపోతే, అడగని యాక్సెసరీలు అంటగట్టి ఉంటే, హ్యాండ్లింగ్ పేరుతో రశీదు లేని సొమ్ము తీసుకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కర్నూలులో, కడపలో రెండుచోట్లా. చెల్లించిన ధర 50 లక్షల దాకా ఉన్న కేసులు జిల్లా కమిషన్‌వే. ఫీజు 5 లక్షల దాకా లేదు, 5 నుంచి 10 లక్షల మధ్య రూ.200, 10 నుంచి 20 లక్షల మధ్య రూ.400. గడువు రెండేళ్లు. 2019 చట్టం తెచ్చిన మంచి మార్పు ఇంకొకటుంది. కారు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో కొన్నా, కేసు మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేస్తే కొన్ని షోరూమ్‌లు అక్కడికక్కడే దిగివస్తాయి. కమిషన్‌కు వెళ్లాల్సి వస్తే ఈ-జాగృతి పోర్టల్లో ఇంటినుంచే దాఖలు చెయ్యొచ్చు. జత చేయాల్సినవి బుకింగ్ ఫారం, ఇన్వాయిస్, కట్టిన ప్రతి రూపాయికీ రశీదు, ఎవాల్యుయేటర్ పంపిన వాట్సాప్ మెసేజ్.